పని బల్ల ఎందుకు ఊగుతుంది? ఇంట్లో వర్క్‌బెంచ్ కట్టుకోవాలనుకునేవాళ్లకు

అనంతపురంలో నాకు తెలిసినవాళ్లలో చేతిపని మీద సరదా ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరు సెలవు రోజుల్లో స్టూళ్లు, షెల్ఫులు చేస్తారు. ఒకరు పాత రేడియోలు బాగుచేస్తారు. ఇంకొకరు సైకిళ్లు విప్పి బిగిస్తుంటారు. వీళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా ఒక పని బల్ల కావాలనిపిస్తుంది. పాత డైనింగ్ టేబులో, పిల్లలు వదిలేసిన చదువుబల్లో మిద్దె మీదికి చేరుతుంది. కొన్నాళ్లకే అది కిర్రుమనడం మొదలవుతుంది. రంపం వేస్తే ఊగుతుంది, చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) పడితే చెక్కతో పాటు బల్లే ముందుకు జరుగుతుంది. కట్టె పలచనైందేమో అనుకుని ఇంకా మందమైన పలకతో మరో బల్ల చేయిస్తారు. అదీ ఊగుతుంది.

లోపం పలక మందంలో లేదు. బల్ల మీద పడే బలం ఏ వైపు నుంచి వస్తోందో చూడకుండా కట్టడంలో ఉంది. ఇది ఒక్కటి పట్టుబడితే ఎత్తు, కొలతలు, కట్టె, బిగింపులు అన్నీ దాని వెంటే తేలుతాయి.

భోజనాల బల్ల మోసేది కిందికి దిగే బరువు. గిన్నెలు, ప్లేట్లు, మహా అయితే మోచేతులు. నాలుగు కాళ్లు నిలువుగా ఉంటే చాలు, ఆ బరువు నేలకు చేరిపోతుంది. పని బల్ల సంగతి వేరు. సుత్తి దెబ్బ పైనుంచి పడుతుంది. రంపం ముందుకూ వెనక్కూ లాగుతుంది. చిత్రిక బల్ల పొడవునా తోస్తుంది. వైస్‌లో, అంటే వస్తువును దవడల మధ్య బిగించి పట్టే పరికరంలో, ఇనుప కడ్డీ బిగించి వంచితే బల్లనే మెలితిప్పినట్టవుతుంది. వీటిలో నిలువు దెబ్బను దాదాపు ఏ బల్లయినా తట్టుకుంటుంది. పక్కనుంచి వచ్చే తోపుకే మామూలు బల్లలు ఓడిపోతాయి.

మన వైపు పాతకాలపు వడ్రంగులు బల్ల లేకుండానే తలుపులు, ద్వారబంధాలు చేశారు. నేల మీద కూర్చుని, చెక్కను కాలితో అదిమిపట్టి, అటువైపు ఒక అడ్డుకట్టెకు ఆనించి చిత్రిక పట్టేవారు. నేలను ఎంత తోసినా అది కదలదు. వాళ్ల బల్ల నేలే. మనం నిలబడి పని చేయాలంటే ఆ కదలని నేలను నడుము ఎత్తుకు తెచ్చుకోవాలి. అడ్డుకట్టె చేసే పని, కాలు చేసే పని కూడా బల్ల మీదికే రావాలి.

ముందు ఊగడం సంగతి చూద్దాం. నాలుగు కట్టెలను మూలకొక మేకు చొప్పున కొట్టి చదరంగా కలపండి. ఒక మూల పట్టుకుని తోస్తే అది ఒరిగిపోతుంది. ఏ కట్టె విరగలేదు, ఏ కట్టె వంగలేదు, మూలలు మాత్రం తిరిగాయి. మూడు కట్టెలను అలాగే కలిపితే ఎంత తోసినా ఒరగదు. భుజాల పొడవు మారనంత కాలం త్రికోణం ఆకారం మారడానికి వీల్లేదు. ఊగే బల్లలో జరిగేదల్లా ఆ చదరం ఒరగడమే. దాని పైన రెండంగుళాల టేకు పలక వేసినా మూలలు తిరగడం ఆగదు. పైగా పైన బరువు పెరిగేసరికి ఊపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

కొంచెం లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. బల్ల ఎత్తు 85 సెంటీమీటర్లు, మీరు పక్కకు పది కిలోల బలంతో తోస్తున్నారు అనుకుందాం. కాలికీ అడ్డపట్టీకీ కలిసే చోట రెండు స్క్రూల మధ్య దూరం 5 సెంటీమీటర్లే ఉంటే, ఆ తోపు ఆ స్క్రూల దగ్గరికి వచ్చేసరికి 17 రెట్లు అవుతుంది. నాలుగు కాళ్లూ దాన్ని పంచుకుంటాయి, నిజమే. అయినా చిన్న స్క్రూలకు అది పెద్ద భారమే. రోజూ అటూ ఇటూ లాగితే రంధ్రాలు వదులవుతాయి. అదే అడ్డపట్టీని వెడల్పు చేసి స్క్రూల మధ్య దూరం 15 సెంటీమీటర్లకు పెంచితే భారం మూడో వంతుకు తగ్గుతుంది. స్క్రూలు అవే, కట్టె అదే, వాటి మధ్య దూరం పెరిగిందంతే.

కాబట్టి ఊగే బల్లకు మందు మూడు రకాలు. మూల నుంచి మూలకు ఏటవాలు కట్టె వేయడం, కాళ్ల మధ్య వెడల్పాటి అడ్డపట్టీలు వేయడం, లేదా వెనకవైపు రెండు కాళ్లనూ కలుపుతూ ఒక ప్లైవుడ్ పలక బిగించడం. నా ఓటు మూడోదానికి. ప్లైవుడ్ పలకలో లెక్కలేనన్ని త్రికోణాలు దాగి ఉన్నట్టే. ఆరంగుళాలకొక స్క్రూ చొప్పున చుట్టూ బిగిస్తే పొడవునా ఊగడం అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇప్పటికే ఇంట్లో ఊగే బల్ల ఉన్నవాళ్లు కొత్తది కట్టేముందు ఈ ఒక్క పని చేసి చూడండి. చాలామందికి కొత్త బల్ల అవసరమే రాదు. వెడల్పు వైపు ఊపు ఆగాలంటే రెండు చివర్లలోనూ పైనా కిందా వెడల్పాటి అడ్డపట్టీలు పడాలి.

ఇక పై పలక. కడ్డీ గానీ పలక గానీ వంగకుండా నిలబడే గుణం దాని మందం ఘనంతో పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను 36 చేస్తే వంగకుండా నిలిచే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అయితే దీనికొక షరతు ఉంది. ఆ రెండు పలకలూ ఒకే ముక్కలా అతుక్కోవాలి. ఒకదాని మీద ఒకటి ఊరికే పెట్టి నాలుగు స్క్రూలు వేస్తే, వంగేటప్పుడు పై పలక కింది పలక మీద జారుతుంది. అప్పుడు దక్కేది రెట్టింపు మాత్రమే. రెండు పలకల మధ్య మొత్తం పరుచుకునేలా పట్టించిన జిగురే రెండు రెట్లకూ ఎనిమిది రెట్లకూ తేడా. ఖర్చు మొత్తంలో జిగురు వాటా చాలా తక్కువ, అక్కడ పిసినారితనం వద్దు.

కాళ్ల మధ్య దూరానికీ ఇలాంటి లెక్కే ఉంది. అయిదు అడుగుల పలకకు కాళ్లు సరిగ్గా చివర్లలో పెట్టకుండా, ఇటు అరడుగు అటు అరడుగు వదిలి నాలుగు అడుగుల దూరంలో పెడితే మధ్యలో వంపు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. చివర్లలో మిగిలిన ఆ అరడుగు క్లాంపులు (చెక్కను బల్లకు అదిమిపట్టే బిగింపులు) బిగించుకోవడానికి బాగా పనికొస్తుంది.

ఈ రెండు లెక్కలూ కలిపితే ఒక్క ప్లైవుడ్ షీటులోనే బల్ల వెళ్లిపోతుంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 18 లేదా 19 మిల్లీమీటర్ల షీటు తీసుకోండి. ముందు 5 అడుగుల దగ్గర అడ్డంగా కోయించాలి. ఆ 5×4 ముక్కను నిలువుగా రెండు చేస్తే రెండు 5×2 పలకలు వస్తాయి. వాటిని అతికిస్తే పై పలక సిద్ధం. మిగిలిన 3×4 ముక్కను సగానికి కోస్తే, నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న రెండు పలకలు. ఒకటి కాళ్ల మధ్య వెనకవైపు బిగించడానికి, ఇంకొకటి కింది అరకు. రంపం మందం పోగా ఒక్కో ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకని ఫ్రేము ముందే చేయించకండి, ముక్కలు కోయించాక వాటి కొలతకే చేయించండి. కోత దగ్గర రంపం వంకర పోతే బల్లంతా వంకరే. షీటు కొన్న దుకాణంలోనో కోత మిల్లులోనో మిషను మీద కోయించడం మేలు.

షీటు కొనేటప్పుడు ముద్ర చూడండి. ఐఎస్ 303 గుర్తు మామూలు ఇంటి వాడకపు ప్లైవుడ్‌ది, ఐఎస్ 710 నీటిని బాగా తట్టుకునే మెరైన్ రకానిది. గదిలో పెట్టుకునే బల్లకు మొదటిది చాలు. వాన జల్లు కొట్టే వరండాలో ఉంచేట్టయితే రెండోది తీసుకోవాలి. షీటు అంచును దగ్గరగా చూస్తే పొరల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. చీకటి సందులు ఎక్కువగా ఉన్న షీటు వదిలేయండి. అక్కడ స్క్రూ పట్టదు, సుత్తి దెబ్బకు గుంట పడుతుంది.

మన దగ్గర చాలామంది అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇన్ని రాళ్లుండగా ప్లైవుడ్ ఎందుకని. కడప రాయి మన వంటింటి అరుగుల మీద ఉంది, తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్లు మన ఇళ్ల నేలల మీద ఉన్నాయి. చదునుగా ఉంటాయి, చవగ్గా దొరుకుతాయి, చెద పట్టదు. కానీ పై పలకగా రాయి వద్దు. సున్నపురాయి జాతి బండ నొక్కుడు బరువును ఎంతైనా మోస్తుంది గానీ, వంచితే, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఉలి జారి రాయికి తగిలితే పదును పోతుంది. రాయికి స్క్రూ దిగదు, ఒక అడ్డుకట్టె బిగించాలన్నా డ్రిల్లుతో కుస్తీ పట్టాలి.

ఆ రాయికి సరైన చోటు కింది అర. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న నాపరాయి సుమారు 37 కిలోలు తూగుతుంది. దాన్ని కింది అరలో పరిచేస్తే బల్ల ఒక్కసారిగా నేలకు అతుక్కున్నట్టవుతుంది. చిత్రిక పట్టేటప్పుడు బల్ల జరిగిపోవడానికి కారణం బరువు చాలకపోవడం. విదేశాల వీడియోల్లో కనిపించే బల్లలు నాలుగంగుళాల మందం గట్టి కట్టెతో ఆ బరువు తెచ్చుకుంటాయి. అంత కట్టె ఇక్కడ కొనాలంటే మామూలు సంసారికి సాధ్యమయ్యే పని కాదు. మనకు బరువు రాయి రూపంలో చేతికందే దూరంలో ఉంది. బరువు రాయి నుంచి, బిగువు ఉక్కు నుంచి, ఉలికి అనువైన మెత్తదనం చెక్క నుంచి తెచ్చుకోవడమే మన సీమలో సరైన డిజైన్ అని నా గట్టి నమ్మకం.

ఫ్రేముకు 40 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ), 5 మిల్లీమీటర్ల మందంది, మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. కాళ్లు, పైచట్రం, కిందిచట్రం కలిపి పదకొండు మీటర్లకు అటూ ఇటూ అవుతుంది. అంటే ఫ్రేమే 33 కిలోలు. రాయి, ప్లైవుడ్ కలిస్తే బల్ల వంద కిలోలు దాటుతుంది. ఇంట్లో చేతిపనికి అది దండి. వెల్డింగ్ చేసిన మూల తిరగదు కాబట్టి వెడల్పు వైపు ఊపు గొడవ కూడా చాలావరకు తీరుతుంది.

వెల్డింగ్ షాపులో మాత్రం దగ్గర నిలబడి ఒక పని చేయించుకోండి. వెల్డు చల్లారేటప్పుడు లోహం కుంచించుకుని మూలను తన వైపు లాక్కుంటుంది. అందుకే ముందు అన్ని మూలలకూ చిన్న చుక్కలు మాత్రమే వేయించాలి. తర్వాత టేపు తీసుకుని ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, మిగతా రెండు మూలల మధ్యా కొలవండి. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి రెండు కర్ణాలూ సమానమైతేనే ఆ చట్రం మూలమట్టానికి ఉన్నట్టు. తేడా ఉంటే పొడవున్న కర్ణం మీద సుత్తితో తట్టి సరిచేయించి, అప్పుడు పూర్తి వెల్డింగ్ వేయించండి. అదీ ఒకే మూల మొత్తం వేసేయకుండా ఎదురెదురు మూలలు మార్చిమార్చి వేయాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు రెండు చివరి చట్రాలు మాత్రం వెల్డు చేయించి, పొడవు పట్టీలను నట్లు బోల్టులతో బిగించుకుంటే ఇల్లు మారేటప్పుడు మెట్ల మలుపు దగ్గర టెన్షన్ ఉండదు.

ఇనుము ఇష్టం లేక కట్టెతోనే చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. పాత మిద్దె ఇళ్లు కూల్చినప్పుడు బయటపడే దూలాలు, దంతెలు వదలకండి. ఏళ్ల తరబడి పైకప్పు కింద ఆరిన కట్టె అది. కొత్త కట్టె ఇంత ఆరి దొరకదు. కొనేముందు అయస్కాంతం పెట్టి మొత్తం తడిమి చూడండి, లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్లు పోతాయి. సన్నటి రంధ్రాల్లోంచి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. వేప మన ఊళ్లలో సులభంగా దొరుకుతుంది, పురుగును బాగా ఆపుతుంది, గట్టిది కూడా. దాని నారలు పొరకొక వైపు మెలితిరిగి ఉంటాయి కాబట్టి చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి. కాళ్లకు బాగుంటుంది, పై పలకకు అంత సుఖం కాదు. పచ్చి వేప కొంటే పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి, నీడలో దొంతరగా పేర్చి, కొనలకు పెయింటో మైనమో పూసి ఆరనివ్వాలి. కొనల నుంచి తేమ తొందరగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కడప వైపు ఎవరైనా పాత ఎర్రచందనం ఉందని చెప్పి అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి. సరైన కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో ఉంటే కేసే.

పై పలక కూడా అచ్చమైన కట్టెతోనే కావాలంటే మన వాతావరణం గుర్తు పెట్టుకోవాలి. గాలిలో తేమ 25 శాతం ఉన్న రోజుల్లో కట్టెలో తేమ దాని పొడి బరువులో 5 శాతం దగ్గరికి దిగుతుంది. గాలిలో తేమ 75 శాతానికి పెరిగి అలాగే కొన్నాళ్లు నిలిస్తే 14 శాతం దగ్గరికి చేరుతుంది. ఏప్రిల్ ఎండకూ సెప్టెంబరు వానకూ మధ్య మన ఊళ్లలో కట్టె పడే పాటు ఇదే. ఈ మార్పుకు పలక పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం మారుతుంది. రెండడుగుల పలక కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ కదులుతుంది. దాన్ని ఫ్రేముకు ముందూ వెనకా కదలకుండా బిగించేస్తే పలక పగులుతుంది, లేదా స్క్రూ విరుగుతుంది. ముందువైపు స్క్రూలు గట్టిగా బిగించి, వెనకవైపు రంధ్రాలను కోడిగుడ్డు ఆకారంలో సాగదీసి వాషర్ వేస్తే పలక తన దారిన తాను కదులుతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా నిలువుగా పేర్చి ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు.

ఎత్తు విషయంలో పుస్తకాల కొలతలు నమ్మొద్దు, మీ చేతినే నమ్మండి. చెప్పులు వేసుకుని నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు దగ్గరి నుంచి వేళ్ల కణుపుల దాకా ఉన్న ఆ మేరలోనే చెక్కపని బల్ల ఎత్తు ఉండాలి. చిత్రిక ఎక్కువగా పట్టేవాళ్లు కిందికి, రంపం, ఉలి పని ఎక్కువ ఉన్నవాళ్లు పైకి జరపాలి. చిత్రికను భుజాల బలంతో కాదు, ఒంటి బరువుతో తోయాలి. బల్ల ఎత్తయితే ఆ బరువు దాని మీదికి రాదు, సాయంత్రానికి చేతులు పీకుతాయి.

పట్టుకోవడానికి వైస్ ఒక్కటే దారి అనుకుంటారు. అంతకంటే ముందు కావాల్సింది అడ్డుకట్టె. బల్ల ఎడమ చివర అరంగుళం ఎత్తున ఒక పట్టీ బిగించి చెక్కను దానికి ఆనిస్తే చిత్రిక తోపే చెక్కను అక్కడ నొక్కిపెడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి చివర పెట్టుకోవాలి. ముందు కాళ్లు పై పలక అంచుకు సమానంగా ఉండాలని మాత్రం పట్టుబట్టండి. అప్పుడు పొడవాటి తలుపు చెక్కను నిలువుగా బల్ల ముఖానికి ఆనించి పైనా కిందా క్లాంపు వేయొచ్చు. పలక ముందుకు పొడుచుకొస్తే ఈ వీలు పోతుంది. వెనకవైపు ఎంత పొడుచుకొచ్చినా నష్టం లేదు. వైస్ కొంటే దాన్ని కాలికి దగ్గరగా, ఆరపార బోల్టులతో బిగించండి. మధ్యలో బిగిస్తే వైస్‌లో కొట్టిన ప్రతి దెబ్బకూ పలక ఎగురుతుంది.

కొత్త బల్ల మీద మొదట చేసుకోవాల్సింది కోతపీట. అడుగు పొడవు, అరడుగుకు పైగా వెడల్పు ఉన్న ఒక ప్లైవుడ్ ముక్క తీసుకోండి. దాని కింద ఒక చివర ఒక పట్టీ, పైన రెండో చివర ఇంకో పట్టీ. కింది పట్టీ బల్ల అంచుకు తగులుకుంటుంది. కోయాల్సిన కట్టెను పై పట్టీకి ఆనించి ఎడమ అరచేత్తో నొక్కితే చాలు, రంపాన్ని ముందుకు తోసిన కొద్దీ కట్టె ఇంకా గట్టిగా ఆనుతుంది. రంపం కోత ఆ ముక్కలోనే ఆగిపోతుంది, బల్లకు గాటు పడదు. పైసా ఖర్చు లేకుండా మిగులు ముక్కలతో అయ్యే ఈ చిన్న పనిముట్టు సగం క్లాంపుల పని చేస్తుంది.

రేడియోలు, సర్క్యూట్లు చేసేవాళ్లకు పైన చెప్పిన బరువూ బిగువూ అంతగా అక్కర్లేదు. అక్కడ తోపే లేదు. కూర్చుని పని చేస్తారు కాబట్టి 28 నుంచి 30 అంగుళాల ఎత్తు, మంచి వెలుతురు, టంకం పొగ బయటికి పోయే కిటికీ కావాలి. మన ఎండాకాలపు పొడిగాలికి స్థిర విద్యుత్తు ఎక్కువగా పుడుతుంది, అది సున్నితమైన చిప్పులను కంటికి కనిపించకుండానే పాడుచేస్తుంది. యాంటీస్టాటిక్ మ్యాట్ వేసి, దానితో వచ్చే తీగ ద్వారా ఎర్తింగుకు కలపాలి. ఆ తీగలో ఒక మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది, మనిషికి షాక్ తగలకుండా ఉండడానికి. దాన్ని తీసేసి మామూలు వైరు వేయకండి.

జిగురు పని తెల్లవారుజామునే పెట్టుకోండి. ఏప్రిల్ మధ్యాహ్నం ఇంత పెద్ద పలకకు ఫెవికాల్ పట్టిస్తుంటే, రెండో చివరకు చేరేలోగా మొదటి చివర మీద పొర కట్టేస్తుంది. అలా పొర కట్టిన చోట పలకలు అతుక్కోవు, ఇందాకటి ఎనిమిది రెట్ల లెక్క తప్పుతుంది. క్లాంపులు చాలకపోతే చదునైన నేల మీద పలకలను కింది పలక పైకి వచ్చేలా బోర్లించి పెట్టి, ఆ కింది పలక వైపు నుంచి జానెడుకొక స్క్రూ వేసి, పైన నాపరాళ్లు పేర్చి మర్నాటి దాకా వదిలేయండి.

బల్లను ఒక చివర గోడకు గానీ స్తంభానికి గానీ ఆనించి, చిత్రిక తోపు ఆ గోడ వైపు వెళ్లేలా పెట్టండి. నున్నటి బండల నేల అయితే కాళ్ల కింద పాత టైరు ముక్కలు వేయాలి. జారడం ఆగుతుంది, కింది ఇంటివాళ్లకు చప్పుడూ తగ్గుతుంది. కట్టె కాళ్లయితే వాటి కింద చిన్న రాతి ముక్కలు పెట్టి, కొనలకు పెయింట్ వేయండి. చెద కన్నా ముందు ఇల్లు కడిగిన నీళ్లు ఆ కొనలను తినేస్తాయి.

పై పలకకు అవిసె నూనె పట్టించేవాళ్లు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే మంట అంటుకుంటుంది. మన ఎండలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుడ్డలను బయట నీడలో విడివిడిగా ఆరేసి, గట్టిగా బిరుసెక్కాక పారేయండి, లేదా నీళ్లు నింపిన డబ్బాలో వేసి మూతపెట్టండి.